మా అక్క కెమెరా

సూర్యాపేట నుంచి కోదాడకు పోయే హైవే వెడల్పు చేసినప్పుడు మా అక్కవాళ్ల భూమి రెండు ముక్కలయింది. ఇల్లు, బర్రెల కొట్టం ఒక పక్కన ఉండిపోయాయి. బోరు, కూరగాయల మడి అవతలి పక్కన పడ్డాయి. రోడ్డు వేసినవాళ్లు కింది నుంచి దాటడానికి ఒక దారి కట్టకపోలేదు. కట్టారు, ఊరికి చాలా దూరంగా కట్టారు. వాన పడితే అందులో మోకాళ్లలోతు నీళ్లు. అందుకని మా అక్క పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రోడ్డు మీదుగానే దాటేది. బావ పోయాక ఆ మడి కౌలుకిమ్మని అందరం చెప్పాం. "ఇచ్చి ఏం జెయ్యాల్నే? వాకిట్ల కూసోని ఈగలు దోలాల్నా?" అని మా నోళ్లు మూయించింది.

నేనుండేది సూర్యాపేటలో. కోదాడలో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. కారు నేనే నడుపుకుంటూ పోతాను. పక్కసీట్లో మా కాలేజీలోనే తెలుగు చెప్పే మేడం ఉంటుంది. ఆవిడ పుట్టింది కోదాడలో, మెట్టింది మా సూర్యాపేటలో. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు అక్క ఇంటి ముందు కారు ఆపి, టీ తాగి, ఆమె కోసిపెట్టిన వంకాయలో గోంగూరో సంచిలో వేసుకొని, ఏదో ఒకదాని మీద తగువు పెట్టుకొని ఇంటికి పోవడం నాకు అలవాటు. తగువు లేకుండా టీ తాగిన రోజు మా ఇద్దరికీ గుర్తు లేదు. మేడం మాత్రం బిస్కెట్ తింటూ, ఈరోజు ఎవరు గెలుస్తారా అని చూస్తుండేది.

అలాంటి రోజుల్లోనే ఊరి మొదట్లో ఒక ఇనుప స్తంభం పాతి, పైన తెల్ల డబ్బా బిగించారు. స్పీడ్ కెమెరా. మొదట్లో ఎవరికి పడితే వాళ్లకు ఫోన్లో చలాన్లు వచ్చిపడ్డాయి. తరువాత ఆ దారిన రోజూ తిరిగేవాళ్లందరికీ ఆ స్తంభం చుట్టంలా తెలిసిపోయింది. ఎదురొచ్చే లారీవాళ్లు లైటు కొట్టి హెచ్చరించేవాళ్లు. మా మేడం ఫోన్లో మ్యాప్ చూస్తూ "వచ్చేస్తుందండి, వచ్చేస్తుంది, తగ్గించండి" అని నన్ను కాపాడేది. డబ్బా దాటగానే మాత్రం అందరూ మళ్లీ తొక్కుడే. కెమెరా దగ్గర పోగొట్టుకున్న అర నిమిషం వెనక్కి రాబట్టుకోకపోతే కొంపలు మునుగుతాయన్నట్టు ఇంకాస్త ఎక్కువే తొక్కేవాళ్లు.

దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. పిల్లలకు క్లాసులో చెప్పినట్టే అక్కకూ చెప్పాను.

"గా డబ్బా ఎవరి పానం కాపాడిందో చెప్పు అక్కా. గీడ బ్రేకు కొడ్తరు, గాడ మల్ల తొక్కుతరు. సర్కారుకు పైసలొచ్చుడు తప్పితే ఏమన్న ఫాయిదా ఉన్నదా?"

అక్క గోంగూర ఆకు తుంచుతూ తల కూడా ఎత్తలేదు. "నువ్వు రోడ్డెంబడి పోయేదానివి. నేను రోడ్డుకు అడ్డం పోయేదాన్ని. నాకు గీడ ఆగితే సాలు. గాడ తొక్కితే నాకేంది, ఎక్కితే నాకేంది?"

మేడం బిస్కెట్ పక్కన పెట్టి మరీ నవ్వింది. ఓడి ఊరుకునే మనిషిని కాదు కనుక ఏదో ఒకటి అని లేచొచ్చాను.

నిజానికి అక్క చెప్పింది అక్కడ కళ్ల ముందు జరుగుతూనే ఉంది. అంతకుముందు ఎవరికి తోచినచోట వాళ్లు దాటేవాళ్లు. కెమెరా వచ్చాక, నాటుకు పోయే ఆడవాళ్లు, పాల క్యాన్లవాళ్లు, బడి పిల్లలు అందరూ నడుచుకుంటూ ఆ స్తంభం దాకా వచ్చి, అక్కడే దాటడం మొదలుపెట్టారు. డివైడర్ కమ్మీలు ఎవరో వంచి మనిషి పట్టేంత సందు చేశారు. జీబ్రా గీతలు లేవు, బోర్డు లేదు, లైటు లేదు. డబ్బా ఒక్కటే ఉంది. బస్సు కండక్టర్లు కూడా "కెమెరా కాడ దిగేటోళ్లున్నరా?" అని అరిచేవాళ్లు. బండ్లు అక్కడ నెమ్మదిస్తాయన్న ధీమాతో ఆడవాళ్లు కబుర్లు చెప్పుకుంటూనే రోడ్డెక్కేవాళ్లు. అటూ ఇటూ తల తిప్పి చూసే అలవాటు కూడా మెల్లగా తగ్గిపోయింది.

దసరాకు ఊళ్లో ట్రాక్టర్లకు, మోటార్లకు, కొడవళ్లకు పూజ చేస్తారు కదా, ఆ ఏడు మా అక్క పళ్లెంలో పసుపు, కుంకుమ, బంతిపూల దండ పెట్టుకొని నేరుగా కెమెరా స్తంభం దగ్గరికి పోయింది. స్తంభానికి మూడు బొట్లు పెట్టింది. నాటు కూలీల్లో చర్చికి పోయే ఒకామె ఉంది. ఆమె బొట్టు పెట్టదు గానీ, దండ జారిపోకుండా దారం గట్టిగా ముడేసింది ఆమే. పండుగకని వచ్చిన నేను కారు దిగి నోరు తెరిచాను.

"సదువుకున్నోళ్లు ఎవరన్న సూస్తే నవ్వుతరక్కా. చలాన్లు రాసే దానికి దండేస్తవా?"

"ట్రాక్టర్‌కు ఏస్తలేరా? అది దున్నుతది, ఇది ఆపుతది. నీకెందుకే అంత కడుపుమంట? నీకు చలాను పడ్డదా ఏంది?"

అప్పటికింకా పడలేదు. ఆ కోపంలోనే అన్నాను: "దాన్ల కెమెరా లేనే లేదు. ఉత్త డబ్బా. బెదిరిచ్చెతందుకు పెట్టిండ్రు. మీరు ఖాళీ డబ్బకు మొక్కుతున్నరు."

నాకు ఎవరూ చెప్పలేదా మాట. నోటికి వచ్చింది, గట్టిగా అన్నాను. గట్టిగా అంటే నిజంలాగే వినిపిస్తుంది, అది నాకు క్లాసురూములో అబ్బిన విద్య.

పండుగ సెలవులు అయిపోయి కాలేజీ తెరిచారో లేదో, నా ఫోన్‌కు చలాన్ వచ్చింది. ఫొటోతో సహా. బంతిపూల దండ వేసుకున్న ఆ డబ్బాయే తీసింది. మేడం కడుపులో మాట దాగదు, ఆ సాయంత్రమే అక్కకు చెప్పేసింది. అక్క నవ్విన నవ్వుకు కొట్టంలో బర్రె తాడు గుంజింది.

"ఖాళీ డబ్బ మంచిగ దించిందంట గదనే ఫొటో! చీర రంగు గూడ కనవడ్తున్నదా?"

అక్కడితో వదిలిందా? మిర్యాలగూడలో ఉన్న తన కూతురికి ఫోన్ చేసి చెప్పింది. అల్లుడు అక్కడ ఒక రైస్ మిల్లులో గుమాస్తా. మా ఇంట్లో ఏ బారసాల జరిగినా, ఏ పెళ్లి జరిగినా ఈ కథ భోజనాల బంతి దాకా వచ్చేది. "మా చెల్లె మాట ఖాళీ డబ్బ" అనేది అక్క. అందరితోపాటు నేనూ నవ్వేదాన్ని. నిజంగానే నవ్వొచ్చేది.

తరువాత వచ్చిన ఎండాకాలంలో ఒక గాలివాన కొట్టింది. ఆ స్తంభం మీద ఏం తెగిందో, ఏం తడిసిందో తెలియదు. ఎవరో వచ్చి నిచ్చెన వేసి డబ్బా లోపలి సామాను విప్పుకొని పోయారు. డబ్బా మాత్రం పైనే ఉంచారు. ఈ సంగతి రోజూ ఆ రోడ్డు మీద తిరిగే ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. కింద అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. "ఇక ఫ్రీ అండి మేడం, హాయిగా పోవచ్చు" అంది మా మేడం. రెండు మూడు రోజుల్లోనే ఎదురు లారీలు లైట్లు కొట్టడం మానేశాయి. బండ్లు అక్కడ నెమ్మదించడం మానేశాయి. కార్లలో తిరిగే వాళ్లందరికీ తెలిసిపోయింది. కాలినడకన దాటేవాళ్లు ఆ గ్రూపులో ఉండరు. వాళ్లకు కనిపించేది స్తంభం. అది ఎక్కడిదక్కడే ఉంది, దండ తాలూకు ఎండిన దారంతో సహా.

నేను చెప్పాను. తెలిసిన రోజు సాయంత్రమే కారు ఆపి చెప్పాను.

"అక్కా, కెమెరా పని చేస్తలేదు. డబ్బల ఏం లేదిప్పుడు. జర పైలం, అటిటు సూసి దాటుండ్రి."

అక్క గ్లాసులో టీ ఒలికిపోయేలా నవ్వింది. "మల్ల మొదలువెట్టినవా?"

"ఒట్టక్కా."

"నీ ఒట్టు దీసి గట్టు మీద వెట్టు. పొద్దుగాల నేను దాటలేనా? దాటిన. నీ లెక్క ఖాళీ డబ్బలు మస్తు జూసిన."

మేడం కూడా "నిజమేనండి వదినా, గ్రూపులో పెట్టారు" అంది. మేడం నా పార్టీ మనిషని అక్క లెక్క. అయినా ఆ మాటకు అక్క నవ్వు కొంచెం తగ్గింది. గ్లాసు కింద పెట్టి నా మొఖంలోకి చూసింది. అప్పుడు నేను నోరు మూసుకుని ఉంటే నమ్మేదేమో. ఆ ఒక్క క్షణం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. కానీ నేనేమన్నాను?

"నేను మొదటి సంది జెప్తలేనా? భయముంటెనే ఆగుతరు, భయం పోతే ఎవడు ఆగడు. గిది సేఫ్టీనా? ఇప్పటికన్న నా మాట ఒప్పుకుంటవా లేదా?"

అక్క గ్లాసు తీసుకొని లేచింది. "గదే సూడు. నీ మాటనే గెలవాలె. గందుకే వచ్చినవ్."

జాగ్రత్త చెప్పడానికే పోయాను. చివరికి ఆమెకు వినిపించింది వాదనే.

ఆ వారంలోనే, ఇంకా పొద్దు కుంకకముందు, కోదాడ వైపు నుంచి వచ్చిన కారు స్తంభం దగ్గర నెమ్మదించలేదు. గోంగూర గంప నెత్తిన పెట్టుకొని అక్క ముందు నడుస్తోంది. కూలీ ఆడవాళ్లు వెనక వస్తున్నారు. నడిపేవాడు చూసి బ్రేకు తొక్కి, బండి పక్కకు తిప్పాడు. అయినా కారు పక్కభాగం తగిలి అక్క డివైడర్ మీద పడింది. వెనకున్నవాళ్లు రోడ్డు అంచునే ఉన్నారు కనుక బతికిపోయారు.

అక్క పక్కింటివాళ్లు ఫోన్ చేయడంతో నేను సూర్యాపేట దవాఖానకు చేరేసరికి అక్కను లోపలికి తీసుకుపోయారు. తుంటి ఎముక విరిగిందన్నారు. వరండాలో ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. అక్కను తన కారులోనే తీసుకొచ్చింది అతనే. చొక్కా మీద రక్తం కొంచెం, గోంగూర ఆకులు కొన్ని. అనాల్సినవన్నీ దారి పొడుగునా కూర్చుకుంటూ వచ్చాను.

"కండ్లు కనవడలేదా? ఎంత స్పీడుల వచ్చినవ్?"

అతను చేతులు కట్టుకున్నాడు. "రోజూ అక్కడ తగ్గిస్తానండి మేడం. కెమెరా పనిచేయట్లేదు కదండీ ఇప్పుడు, అందుకని..."

పొగరుగా అనలేదు. వాన పడింది కదండీ, అందుకని రోడ్డు జారింది, అన్నట్టు అన్నాడు. ఆ మాట నాకు కొత్తా? మా కారులో రోజూ నవ్వుకుంటూ అనుకునేదే. అతని పక్కనున్న బల్ల మీద కూర్చున్నాను.

ఆపరేషన్ అయింది. రాడ్ వేశారు. వాకర్ పట్టుకొని వాకిలి దాటడానికే అక్కకు ఆయాసం వచ్చేది, ఇక హైవే ఏం దాటుతుంది? బర్రెలను అమ్మేశారు. మడి కౌలుకిచ్చారు. కూతురు మిర్యాలగూడకు రమ్మంది. నేనే కారులో తీసుకుపోయాను. అక్క ముందు సీట్లో కూర్చుని, దారి పొడుగునా స్తంభాలు చూస్తూ వచ్చింది. మిర్యాలగూడ దగ్గర పడేకొద్దీ మిల్లులకు పోయే వడ్ల ట్రాక్టర్లు బారులు కట్టాయి. రోడ్డు మీద ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు. మిగిలిన సగంలోనే లారీలు దూసుకుపోతున్నాయి.

"గీ రోడ్డుకు కెమెరాలు లేవానె?"

"లేవక్కా."

"మరి గీళ్లెట్ల దాటుతరు?"

కొడవళ్లు పట్టుకొని కొందరు ఆడవాళ్లు రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. నేను కారు ఆపాను. వెనక హారన్ల మోత. అక్క కిటికీలోంచి చెయ్యి ఊపి, "దాటుండ్రి, దాటుండ్రమ్మా" అంది. వాళ్లు పరుగులాంటి నడకతో దాటారు.

కారు కదిలాక అక్క అంది: "నువ్వే గెలిచినవ్ తియ్."

"ఊకో అక్కా. నువ్వే గెలిచినవ్. అదున్నన్ని దినాలు ఒక్కరికన్న దెబ్బ తాకిందా?"

"మరి గా మాట అప్పుడెందుకు అనలేదే?"



ఈమధ్య ఆ స్తంభం మీద మళ్లీ కొత్త డబ్బా బిగించారు. లారీలు మళ్లీ లైట్లు కొడుతున్నాయి. డివైడర్ సందును మాత్రం ఈసారి గట్టిగా మూసేశారు. కూలీ ఆడవాళ్లు నీళ్లలో నుంచే కిందిదారిన పోతున్నారు. నేను ఊరు మొదలు నుంచి చివరి దాకా నెమ్మదిగానే పోతాను. మేడం ఫోన్ చూసి చెప్పనక్కర్లేదు. వెనకవాళ్లు హారన్ కొట్టి, తిట్టుకుంటూ దాటిపోతారు. ఆ నెమ్మదిలో అవతలి మడి బాగా కనిపిస్తుంది. ఇన్నేళ్లు ఆ దారిన తిరిగీ, రోడ్డు మీద నుంచి నేను దాన్ని సరిగ్గా చూడనేలేదు.

మొన్న అక్క ఫోన్ చేసింది.

"కొత్తది వెట్టిండ్రంట గదా. దాన్ల కెమెరా ఉన్నదా, ఖాళీ డబ్బనా?"

"తెల్వదక్కా."

నా నోటి నుంచి ఆ మాట వినడం కొత్త కాబట్టి కాబోలు, మాట మార్చింది. "మడిల నా బీర పందిరి ఎట్లున్నది?"

"పీకేసిండ్రక్కా. పత్తి వెట్టిండ్రు."

అవతల ఇంటి పక్క మిల్లు చప్పుడు వినిపిస్తోంది.

"మంచిగనే జేసిండ్రు," అంది. "పత్తికైతే దినాం దాటే పనుండది."