పసుపు పెట్టిన గాజుబిళ్లలు

మొన్న మా మేనకోడలు గుమ్మిడిపూండి నుంచి ఫోన్ చేసింది. అక్కడ తను పనిచేసే పింగాణీ ఫ్యాక్టరీలో హైడ్రోజన్ విభాగానికి మార్చారట. "మామా, నువ్వు ఆ కాలంలో చేసినావే ప్రోటాన్ బిళ్లలు, అట్లాంటివే ఇప్పుడు మేము చేస్తా ఉండాము" అని ఆ పిల్ల సంబరంగా చెబుతుంటే, అవతల వినిపించే రైలు చప్పుడులో సగం మాటలు వినపడకపోయినా నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది, ఆ వెనకే అమ్మ గుర్తొచ్చింది.

హైడ్రోజన్ అనే మాట ఇప్పుడు పేపరు తెరిస్తే కనబడుతోంది గానీ, నేను మద్రాసులో పరిశోధన చేసే రోజుల్లో దాంతో కరెంటు తీస్తామంటే మా బంధువులు నన్ను జాలిగా చూసేవారు. మాది తిరుత్తణిలో మగ్గం ఇల్లు. నేనేమో మగ్గం వదిలి ఫాస్ఫేటు గాజు కరిగించి, అచ్చులో పోసి, నిదానంగా చల్లార్చి రూపాయి కాసంత బిళ్లలు చేసేవాణ్ణి. ఆ బిళ్ల హైడ్రోజన్ వాయువును అడ్డుకుంటూ, అందులోని ప్రోటాన్లను మాత్రం అవతలికి పోనివ్వాలి, అప్పుడే కరెంటు. చెప్పడానికి తేలికే. అయితే ఆ గాజుకు తడి అంటే గిట్టదు, మద్రాసు గాలి తగిలితేనే జిగటెక్కి కూర్చునేది.

ఎన్నో పగిలి, ఎన్నో మసకబారి, చివరికి నాలుగైదు బిళ్లలు అద్దంలా వచ్చాయి. వాటిని పరీక్షించే యంత్రం తిరుపతిలో ఉండేది, మా వంతు ఆ వచ్చే సోమవారం ఒక్కరోజే, అది తప్పితే మళ్లీ వంతు వచ్చేలోపు నా ఫెలోషిప్పు ముగిసిపోతుంది, ఇక అన్న పక్కన మగ్గం గుంటలో కూర్చోవలసిందే. తిరుపతి రైలు మా ఊరి మీదుగానే పోతుంది కదా అని ఆదివారం ఇంట్లో దిగాను. బిళ్లలున్న సీసాకు మైనం అంటించి అలమరలో పెట్టి, అన్నం తింటూ అమ్మకు గొప్పలు చెప్పుకున్నాను. అమ్మకు ప్రోటాను అర్థం కాకపోయినా, కొడుకు కొత్త వస్తువు చేశాడన్నది అర్థమైంది.

మా ఇళ్లలో కొత్త పడుగు మగ్గానికి ఎక్కించినా, నేసిన చీర మగ్గం మీంచి కోసినా, నీళ్లు చిలకరించి పసుపు కుంకుమ పెట్టి కర్పూరం వెలిగించనిదే గడప దాటనివ్వరు. పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి దేవుడి ముందు ఇత్తడి పళ్లెంలో నా బిళ్లలు, శుభ్రంగా కడిగి, ఒక్కోదానికీ పసుపు రాసి బొట్టు పెట్టి ఉన్నాయి. ముట్టుకుంటే వానాకాలపు కలకండలా వేళ్లకు అంటుకున్నాయి. "కొత్త సామాను గదా అయ్యా, పూజ చేయకుండా ఎట్ల ఎత్తకపోతావు?" అంటూ అమ్మ నవ్వుతూ నా వైపు తిరిగి, నా ముఖం చూసి ఆగిపోయింది.

పోనీలేమ్మా అన్నాను, కోపం నిజంగానే రాలేదు. తిరుపతి పోకుండానే మద్రాసుకు తిరిగి వెళ్లి మా గురువుగారికి ఉన్నదున్నట్టు చెబితే, ఆయన మీ అమ్మగారిని ఏమీ అనలేదు కదా అని అడిగారు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఆయనే ఎవరెవరికో చెప్పి నా గడువు పెంచించారు, ఇంకో వంతు ఇప్పించారు, మళ్లీ కరిగించాను, పట్టా చేతికొచ్చింది.

ఇంట్లో మాత్రం ఆనాటి నుంచి ఒక మార్పు వచ్చింది. నేను మద్రాసు నుంచి ఏది తెచ్చినా, అది కలమైనా కండువా అయినా, అమ్మ కాస్త దూరంగా నిలబడి చేతులు కొంగులో దాచుకునేది. ఎన్నిసార్లు నవ్వించబోయినా ఆ అలవాటు పోలేదు. మా పెద్దవాడు పుట్టి, పొత్తిళ్లలో ఇంటికి తెచ్చిన రోజు, ఊరందరి పిల్లలకూ నీళ్లు పోసిన ఆ మనిషి ఉయ్యాల పక్కన నిలబడి, నన్ను చూసి మెల్లగా అడిగింది: "ముట్టచ్చునా అయ్యా?"

ఇప్పటి పింగాణీ బిళ్లలు ఆవిరిలో పెట్టినా చెక్కుచెదరవని మేనకోడలు చెప్పింది. విని సంతోషించాను. మా తరం తడికి భయపడుతూ చేసిన పని ఈ పిల్లలు భయం లేకుండా చేస్తున్నారు, అంతకన్నా ఏం కావాలి? గాజు సంగతి అలా తీరిపోయింది. అమ్మకు మాత్రం, నా బిడ్డను ముట్టుకోవడానికి కూడా నన్ను అడగవలసి వచ్చింది.