లడ్డూ, హల్వా, కాసింత గరిక

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. చేపల పెంపకం చదువు పూర్తిచేసి గుడివాడలో ఓ చేపల మేత కంపెనీలో కొత్తగా చేరాను. మెడలో కంపెనీ కార్డు, బండి వెనక నమూనాల సంచి, నోట్లో మాంసకృత్తుల శాతాలు. ముదినేపల్లి చుట్టుపక్కల చెరువు గట్ల మీద నిలబడి, నేను పుట్టకముందు నుంచీ చేపలు పెంచుతున్న రైతులకు చేప ఏం తింటుందో, ఎంత తింటే ఎంత పెరుగుతుందో విడమరిచి చెప్పేవాడిని. వాళ్ళు ఓపిగ్గా విని, "అలాగేనండీ ఫీడు బాబుగారూ" అని, నేను బండి ఎక్కగానే తవుడు సంచులకు కన్నాలు పెట్టి చెరువులో కట్టుకునేవారు. (కన్నం పెట్టిన సంచి నీళ్ళలో వేలాడదీస్తే చేపలే వచ్చి తవుడు లాక్కుని తింటాయి. ఈ పద్ధతికి ఉపన్యాసం అక్కర్లేదు. నా బాధల్లా అదే.) అంతటి మేత పండితుణ్ణి, నా రెండు చేతుల్లో పట్టేంత జంతువులు రెండు కలిసి మూడు చెరువుల నీళ్ళు తాగించాయంటే ఎవరూ నమ్మరు.

మా మేనేజరుగారు ఓ సాయంత్రం నన్ను గదిలోకి పిలిచారు. నా ఉద్యోగం అప్పటికింకా పర్మనెంటు కాలేదు. చెయ్యాలా, ఇంటికి పంపాలా అన్నది ఆయన చేతిలోనే ఉంది కాబట్టి ఆయన తుమ్మినా నేను లేచి నిలబడేవాణ్ణి. "ఏం లేదబ్బాయ్, మా అమ్మాయి గినీ పిగ్స్‌ని పెంచుతోంది. మేం ఓ వారం పది రోజులు కాశీ వైపు వెళ్ళొస్తాం. నువ్వు మేత గురించి చదువుకున్నవాడివి, నీ దగ్గర ఉంచితే నాకు బెంగ ఉండదు" అన్నారు. గినీ పిగ్ అన్న మాట అప్పటిదాకా నేను ప్రయోగాల వార్తల్లో చదవడమే గాని, ఎలా ఉంటుందో చూసి ఎరగను. అయినా "దానికేముందండీ" అన్నాను. పిగ్ అన్నారు కదా, చిన్నదో పెద్దదో పందే అయ్యుంటుందని, మర్నాడు వాళ్ళింటికి వెళ్ళేటప్పుడు బండి వెనక ఓ మోకు కూడా కట్టుకుని వెళ్ళాను.

ఎనిమిదో తరగతి చదువుతున్న వాళ్ళమ్మాయి ఓ వెడల్పాటి ప్లాస్టిక్ పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. అందులో ఎండుగడ్డి మీద తోకల్లేని ఎలకల్లాంటివి, చెవులు చిన్నవైపోయిన కుందేళ్ళలాంటివి రెండు కూర్చుని ఉన్నాయి. ఒకటి తెల్లగా గుండ్రంగా ఉంది. రెండోది గోధుమరంగుది, ముక్కు మీద తెల్లటి నామంతో. వాటిని బందరులో ఎవరి దగ్గరో కొన్నారట, అందుకని లడ్డూ, హల్వా అని పేర్లు పెట్టుకుంది. "అంకుల్, లడ్డూకి భయం ఎక్కువ, హల్వాకి ఆకలెక్కువ. ఇద్దరూ అబ్బాయిలే" అని చెప్పింది. (నన్ను అంకుల్ అన్న మొదటి మనిషి ఆ పిల్లే. ఆ దెబ్బ నుంచి తేరుకోకపోవడం వల్ల మిగతా మాటలు సరిగ్గా వినలేదు.) "ఏం తింటాయమ్మా?" అంటే ఓ పరదేశపు గడ్డి ప్యాకెట్టు చేతికిచ్చింది. అది అడుగంటి ఉంది. "ఇదైపోతే?" అన్నాను. ఆ పిల్ల వాళ్ళ నాన్న వైపు చూసింది. ఆయన నా వైపు చూసి, "నువ్వున్నావుగా" అన్నారు. నేను బండి మీంచి తీసి భుజాన వేసుకున్న మోకును వీపు వెనక్కి నెట్టుకుని పెట్టె ఎత్తుకున్నాను.

నేను అద్దెకుండే మేడ గది కింద వాటాలో ఇంటివారుండేవారు. ఇంటావిణ్ణి పిన్నిగారని పిలిచేవాణ్ణి. ఆవిడ పెట్టెలోకి తొంగిచూసి, "ఏంటి బాబూ ఇవి, పందికొక్కులా?" అన్నారు. పొలాల్లో వరి దుబ్బులు కొరికేసేవీ, బస్తాలకు కన్నాలు పెట్టేవీ పందికొక్కులు. మా వైపు ఆ పేరు వింటే చీపురో కర్రో వెతుక్కుంటారు. "కాదండీ, గినీ పందులు" అన్నాను. ఆవిడ ఇంకాస్త వెనక్కి జరిగారు. "అంటే పందేనండీ, కాదనుకోండి. ఎలక జాతి" అని సర్దిచెప్పబోయాను. "పందీ ఎలకా కలిస్తే పందికొక్కు కాదా బాబూ?" అని ఆవిడ అడిగారు. నేను పెట్టె ఎత్తుకుని మేడ మెట్లెక్కాను.

ఆ రాత్రే పరదేశపు గడ్డి అయిపోయింది. పొద్దున నేను నా విద్య వాటి ముందు పరిచాను. మా కంపెనీ గుళికల మేత, అందులోనూ మేలిరకం, ఓ గిన్నెలో పోసి పెట్టాను. హల్వా వాసన చూసి తుమ్మింది. లడ్డూ గిన్నెలోకెక్కి కూర్చుని కునుకు తీసింది. చేపపొడి కలిసిన మేత కదా, గదంతా చేపల వాసన పట్టింది గాని ఒక్క గుళికా తగ్గలేదు. తవుడు తడిపి పెట్టాను, తొక్కి ముద్ద చేశాయి. జాలిపడి పిన్నిగారు పెరుగన్నం తెచ్చారు, పక్కకు తిరిగి కూర్చున్నాయి. ఫోనులో వీడియోలు చూస్తే తెల్లదొరలంతా ఒకటే మాట, తిమోతి గడ్డి, తిమోతి గడ్డి అని. దాణా కొట్టుకెళ్ళి అడిగాను. కొట్టాయన, "తిమోతి గారంటే మా పేటలో పాస్టరుగారండీ. ఆయనకి గడ్డి ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదే" అన్నాడు. ఫోనులో తెప్పించుకుందామంటే, ఆ గడ్డి ధరకు మనుషులే రోజూ రెండు పూటలా బిర్యానీ తినొచ్చు.

ఇంతలో ఘోరం చూశాను. హల్వా మెడ వంచి, తను వేసిన పెంటికనే తిరిగి నోట్లోకి తీసుకుని నమిలింది. మేత కంపెనీ మనిషి దగ్గర ఉండి, ఆకలికి తాళలేక పెంట తినే స్థితికి వచ్చిందంటే నా ఉద్యోగం మాట అటుంచి, రేపు ఆ పిల్ల మొహం ఎలా చూడను? కోడూరులో ఉన్న మా అమ్మకు ఫోను చేశాను. మా అమ్మకు సంగతంతా చెప్పడానికి చాలాసేపు పట్టింది. అన్నీ విని, "ఎలక జాతంటున్నావా?" అంది. అవునన్నాను. "వినాయకుడి వాహనం ఎలక. వినాయకుడికిష్టం గరిక. ఆయన పూజకు కోసే గరికలో ఆయన బండికి నాలుగు పరకలు పనికిరాకుండా పోతాయిరా? ఇంత చదువు చదివి దీనికి ఫోనెందుకు" అంది. ఈ తర్కంలో తప్పెక్కడుందో వెతుకుతూనే వెళ్ళి చెరువు గట్టున గరిక కోసుకొచ్చి, కడిగి, ఆరబెట్టి పెట్టెలో వేశాను.

రెండూ ఒకేసారి మీద పడ్డాయి. పరక ఒక కొస నోట్లోకి వెళ్తుంటే రెండో కొస వణుకుతూ పొట్టిదైపోతోంది. నాకు కళ్ళ నీళ్ళు తిరిగినంత పనైంది. ఆ ఆనందం నిమిషం నిలవలేదు. హల్వా ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరింది. నడుము ఒకవైపు, తల ఒకవైపు మెలితిప్పి కిందపడి, మళ్ళీ ఎగిరింది. నూనెలో పడ్డ ఆవగింజలాగా చిటపటలాడుతోంది. ఫిట్స్. అమ్మ మాట విని గరిక పెట్టి చంపేశాననుకున్నాను. అట్టపెట్టెకు కన్నాలు పొడిచి, హల్వాను అందులో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పరిగెత్తాను.

అక్కడ నా ముందు ఓ దూడా, ఓ మేకా ఉన్నాయి. మేకాయన పెట్టెలోకి చూసి మేకను దూరంగా జరుపుకున్నాడు. డాక్టరుగారు హల్వాను చేతిలోకి తీసుకుని, "ఈ జాతిని కాలేజీలో చూశాను, మళ్ళీ ఇవాళే. ఏమైంది?" అన్నారు. నేను ఎగరడం, మెలితిరగడం అభినయించి చూపించాను. (దూడ తాలూకు మనిషి నాక్కూడా మందు అవసరమేమోనన్నట్టు చూశాడు.) "ఎప్పుడు వచ్చింది?" అని అడిగారు. "గరిక వెయ్యగానే అండీ." "గరిక తింటోందా?" "ఎగిరి వచ్చి తింటోందండీ, మళ్ళీ ఎగురుతోందండీ." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఇంతవరకూ ఏం పెట్టారు?" అన్నారు. చేపల మేత అని చెప్పడానికి నోరు రాక, ఏదో పెట్టానన్నాను. "మరింకేం. అది సంతోషమండీ. సంతోషం పట్టలేకపోతే ఇవి అలాగే గెంతుతాయి. దానికి మా దగ్గర మందు లేదు" అన్నారు.

నాకు సగమే నమ్మకం కలిగింది. పెంటిక సంగతి అడిగాను. అదీ మామూలేనట, మొదటిసారి అరగనిది రెండోసారి తిని వంటబట్టించుకుంటాయట. "గడ్డి ఎప్పుడూ వాటి ముందు ఉండాలి. పళ్ళు పెరుగుతూనే ఉంటాయి, నమిలితేనే అరుగుతాయి. సి విటమిను మనలాగే వాటికీ ఒంట్లో తయారవదు, బయట నుంచి పెట్టాలి. జామకాయ ముక్క, కాస్త కొత్తిమీర చాలు. అన్నం, తవుడు, బంగాళాదుంప వద్దు. మందు కొట్టిన గట్టు మీద మాత్రం గరిక కొయ్యకండి" అన్నారు. గరిక గట్టున ఊరికే వస్తుంది, జామచెట్టు పిన్నిగారి పెరట్లోనే ఉంది, కొత్తిమీర కూరల బజారులో కొసరుగా ఇస్తారు. నాలుగేళ్ళు చదివిన మేత శాస్త్రం మొత్తం ఖర్చులేకుండా తేలిపోవడంతో, సంతోషించాలో సిగ్గుపడాలో తెలియకుండా ఇంటికొచ్చాను.

అక్కడి నుంచి రోజులు బాగా గడిచాయి. నా బండి చప్పుడు వీధి మలుపులో వినబడితే చాలు, మేడ మీద నుంచి వీక్ వీక్‌మని ఈలలు మొదలయ్యేవి. పిన్నిగారు కింద నుంచి, "వచ్చాడు, వచ్చాడు, ఆగండి" అని వాటికి సమాధానం చెప్పేవారు. వెంట వెళ్ళిన మేనేజరుగారి మామగారి కాలు కాశీలో బెణకడంతో యాత్ర అనుకున్నదానికన్నా సాగింది. వాళ్ళు అక్కడి నుంచి రోజూ ఫోను చేసేవారు. నేను ఏ చెరువు గట్టునో రైతుల మధ్య ఉండేవాణ్ణి. "లడ్డూ గడ్డి తిన్నదండీ. హల్వాకి జామకాయ పెట్టాను. లేదండీ, ఈ మధ్య పళ్ళు పటపటలాడించడం లేదు" అని నేను చెబుతుంటే రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఒకాయన చివరికి, "బాబుగారూ, ఎండకి తిరక్కండి" అని కొబ్బరిబోండం కొట్టించి ఇచ్చాడు.

అయితే కొత్త చిక్కొకటి వచ్చింది. ఇద్దరికీ ఒకటే మేత, హల్వా ఉన్నట్టే ఉంది, లడ్డూ మాత్రం రోజురోజుకీ ఉబ్బిపోతోంది. హల్వా వాటా కూడా లడ్డూయే కాజేస్తోందని నిర్ధారించి మధ్యలో అట్ట అడ్డం పెట్టాను. అయినా పెరుగుతూనే ఉంది. "బరువేమైనా పెరిగిందా అబ్బాయ్?" అని మేనేజరుగారు అడిగితే, "లడ్డూ బాగా పెరిగిందండీ" అన్నాను. "మన మేతేనా?" అన్నారాయన ఉత్సాహంగా. "మన మేత కూడా గదిలోనే ఉందండీ" అన్నాను. అది అబద్ధం కాదు.

ఓ ఆదివారం పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి పిన్నిగారు నా గదిలో చీపురెత్తి నిలబడి ఉన్నారు. జామకాయ ముక్కలు పెట్టడానికి వచ్చారట. "కదలకు బాబూ. పందికొక్కు పిల్లలు దూరాయి పెట్టెలోకి" అన్నారు. చూస్తే నిజమే. లడ్డూ పక్కన మూడు పిల్లలు, ఒళ్ళంతా బొచ్చుతో, కళ్ళు తెరుచుకుని అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఒకటి గరిక పరక కొరుకుతోంది కూడా. ఎలక పిల్లలు పుట్టినప్పుడు ఎర్రగా, గుడ్డిగా, కదల్లేకుండా ఉంటాయని నాకు తెలుసు కాబట్టి ఇవి ఎక్కడో పుట్టి పెరిగి వచ్చినవేనని నేనూ నమ్మాను. పిన్నిగారి చెయ్యి ఇంకాస్త పైకి లేచింది. అప్పుడు గరిక కొరుకుతున్నది తలెత్తి నా వైపు చూసింది. దాని ముక్కు మీద తెల్లటి నామం.

నేను పెట్టె మీద అడ్డంగా పడ్డాను. చీపురు నా వీపున తగిలింది. "ఆగండి పిన్నిగారూ, ఇది హల్వా పోలికండీ" అన్నాను. ఆవిడ చీపురు దించి, వంగి, అయిదింటినీ మార్చి మార్చి చూశారు. "ఇద్దరూ మగాళ్ళన్నావు" అన్నారు. "ఆ పాప చెప్పిందండీ." "పాప చెబితే సరే, నీకు కళ్ళు లేవా?" అని, చీపురు మూల పెట్టి, "బాలింతకి ఏం పెడతావు?" అని అడిగారు. డాక్టరుగారికి ఫోను చేస్తే ఆయన చాలాసేపు నవ్వి, అదే మేత కాస్త ఎక్కువ పెట్టమన్నారు. హల్వాను మాత్రం అట్ట అవతలే ఉంచమన్నారు.

సాయంత్రం మేనేజరుగారి ఫోను వచ్చింది. "ఎలా ఉన్నాయబ్బాయ్?" అన్నారు. నాకు అలవాటైన జవాబే వచ్చింది. "అయిదూ బాగున్నాయండీ." "అయిదేంటి?" అన్నారాయన.

వాళ్ళు తిరిగి వచ్చిన రోజు ఆ పిల్ల పెట్టె ముందు కూలబడి ఒక్కోదాన్నీ ఒళ్ళోకి తీసుకుంది. మేనేజరుగారు నన్ను పక్కకు పిలిచారు. ఆయన పెట్టె వైపు చూశారు, నా వైపు చూశారు. "రెండిచ్చి వెళ్తే అయిదు చేశావు. నీకు బందరు, అవనిగడ్డ వైపు కూడా అప్పజెప్పొచ్చు" అన్నారు. అది మెప్పో, ఎత్తిపొడుపో నాకు అర్థంకాలేదు. ఆ నెలాఖరుకు ఉద్యోగం పర్మనెంటయింది కాబట్టి మెప్పేననుకుంటాను.

పెట్టె వాళ్ళింటికి వెళ్ళిన మర్నాడు, ముదినేపల్లి నుంచి వస్తూ అలవాటు కొద్దీ గట్టు దగ్గర బండి ఆపి గరిక కోశాను. సంచి పట్టుకుని మేడ మెట్లు సగం ఎక్కాక గాని పైన ఎవరూ లేరన్నది తట్టలేదు. మళ్ళీ దిగి, పక్కింటివారి గేదె ముందు పోశాను. అది నాలుక ఒక్క తిప్పు తిప్పి మొత్తం లోపలేసుకుని మొహం పక్కకు తిప్పుకుంది. నేను ఇంకా అక్కడే నిలబడి ఉండడం చూసి పిన్నిగారు గుమ్మంలోంచి, "అదేం ఈల వెయ్యదులే బాబూ. పైకెళ్ళి అన్నం తిను" అన్నారు.

ఖాళీ సంచి మడతపెట్టుకుంటూ మెట్లెక్కుతున్న ఆ కుర్రాడు నాకు ఇప్పటికీ కనబడుతూ ఉంటాడు. ఆ పూట అన్నం ఎందుకు సయించలేదో పాపం వాడికి బోధపడలేదు. ఎండదెబ్బేమో అనుకుని, మజ్జిగ తాగి పెందలాడే పడుకున్నాడు.