మంచు తిన్న వేళ్ళు

పందొమ్మిది వందల అరవై, ఎండాకాలం. అనంతపురంలో మాది చిన్న ఆసుపత్రి. బావి ఎండిపోయి, పుండ్లు కడిగే నీళ్ళు కూడా బండిలో వచ్చేవి. ఎనిమిదో తరగతి చదివిన నాకు అక్కడ డ్రెస్సింగ్ పని, అంటే పుండు కడిగి, మందు వేసి, కట్టు కట్టడం. మాట్లాడుతూ కట్టడం నా అలవాటు. నొప్పి తెలియకుండా ఉంటుందని చెబుతాను గానీ, నోరు మూసుకుని ఉండలేకపోవడమే అసలు కారణం.

ఆ రోజు ముదిగుబ్బ వైపు పల్లె నుంచి ముగ్గురు వచ్చారు. ఓబులేసు, అతని భార్య నాగమ్మ, ఆమె తండ్రి చిన్నప్ప. ఓబులేసు కుడిచేతికి నాలుగు వేళ్ళు సగానికి లేవు. కరువు పనిలో రాళ్ళు మోసి మోసి ఆ మొండి వేళ్ళ చివర పుండు పడింది. చిన్నప్ప గడప దాటకుండానే గొంతెత్తాడు.

"వీనికి పెద్దరోగం వచ్చిండాదమ్మా. మీ డాక్టరు ఆ మాట ఒగటి చెప్తే నా బిడ్డను తోలుకొని పోతా."

పెద్దరోగమంటే మావైపు కుష్ఠు. ఆ మాట చెవిన పడగానే వరండాలో ఉన్నవాళ్ళంతా దూరం జరిగారు. కాంపౌండర్ ఆ చివర నుంచే, "వాన్ని బయటే కూచోబెట్టు" అన్నాడు. పుండు చూసింది లేదు, మనిషి మొహం చూసింది లేదు. నాకు ఒళ్ళు మండింది. ఓబులేసును లోపలికి తీసుకెళ్ళి బల్ల మీద కూర్చోబెట్టాను.

"వేళ్ళు ఎట్ల పోయినాయన్నా?"

"మంచుకు పోయినాయమ్మా."

గుమ్మంలో చిన్నప్ప పగలబడి నవ్వాడు. "వీని మాట ఇంటివా? మా చేన్లో గూడా పడతాది మంచు. పొద్దెక్కితే శెనక్కాయ ఆకు మీద తడి గూడా ఉండదు. అది వీని వేళ్ళు తినిందంట."

మా సీమలో మంచంటే అంతే మరి, తెల్లవారి కురిసి ఎండకు ఆరిపోయేది. ఓబులేసుకు వేరే మాట దొరకలేదు. "ఆ మంచు కాదు మామా. ఆడ సముద్రమే గడ్డ కడతాది" అన్నాడు.

కట్టు విప్పుతూ నేనే అడిగి చెప్పించుకున్నాను. పెళ్ళయ్యాక బొంబాయి వెళ్ళి సరుకుల ఓడెక్కి, బాయిలర్‌కు బొగ్గు వేసే పని చేశాడట. ఉత్తరాన ఎక్కడో సముద్రం గడ్డకట్టి ఓడ ఇరుక్కుపోయింది. దొరల చేతులకు తోలు తొడుగులు, బొగ్గు కూలీలకు గోనెపట్టలు. ఆ చేతులతోనే ఇనుప గొలుసుల మీద పేరుకున్న గడ్డలు కొట్టించారు.

"అప్పుడు ఆ దేశం నేవీ వాళ్ళ పాట్రోల్ షిప్పు వచ్చిందమ్మా. కావలి తిరిగే ఓడ. ముక్కు కత్తి మాదిరి ఉండదు, గంటె అడుగు మాదిరి గుండ్రంగా ఉంటాది. ముందర ఇనుము రెండింతల మందం. గడ్డను గుద్దదు, దాని మీదికి ఎక్కుతాది. ఎక్కి బరువేస్తే గడ్డ పటపటా పగుల్తాది. ఎనక్కి పోతాది, మళ్ళా ఎక్కుతాది. దాని ఫిరంగికి కప్పిన టార్పాలిన్ రాయి మాదిరి అయిపోయింటే సుత్తితో కొడతాండ్రి. ఆ ఓడ డాక్టరే వేళ్ళు కోసి నా పానం నిలబెట్టినాడు."

"ఓడ గట్టెక్కుతాదంట" అన్నాడు చిన్నప్ప. "రోగానికి తోడు అబద్ధాలు. లెయ్యి నాగమ్మా, పోదాం."

నాగమ్మ కదల్లేదు.

డాక్టరుగారు వచ్చి సెన్సేషన్ టెస్ట్ చేశారు. రోగి కళ్ళు మూయించి, ఒంటి మీద అక్కడక్కడా దూదితో తాకి, ఎక్కడ తాకిందో చెప్పమంటారు. కుష్ఠు మచ్చ మీద ఆ స్పర్శ తెలియదు. ఓబులేసుకు ఒంటి మీద మచ్చే లేదు, తాకిన చోటల్లా చెప్పాడు. "ఇది కుష్ఠు కాదు. ఫ్రాస్ట్‌బైట్. విపరీతమైన చలికి రక్తం ఆడక వేలు చచ్చిపోవడం. అతను చెప్పింది నిజం" అన్నారు డాక్టరుగారు.

చిన్నప్ప తల గోక్కున్నాడు. "మీరు చెప్తే సరే సామీ. ఊర్లో నీళ్ళుండేది ఒగే బాయి. ఈ చేతులు చూసి మమ్మల్ని తోడుకోనిస్తారా?"

"ఊరికి పెద్దరోగమని చెప్పిందెవురప్పా?" అన్నాను.

అడగ్గా అడగ్గా ఒప్పుకున్నాడు. తనే చెప్పాడు. అనుమానం వచ్చిన రోజే, ఆ బావి దగ్గరే, అందరూ వినేట్టు. అల్లుణ్ణి ఒక్కమాట అడగకుండా.

"నాయనా, నువ్వు పో" అంది నాగమ్మ. "నేను ఈయనతోనే వస్తా. బాయి కాడికి కడవ నేనే తీస్కపోతా. తోడనీకపోతే ఆడనే కూచుంటా."

కూర్చుంది కూడా. తోడనివ్వలేదు. డాక్టరు మాట ఆ బావి గట్టు దాకా పోలేదు. పుండు మానాక ఇద్దరూ గుత్తికి వెళ్ళిపోయి, రైల్వేస్టేషన్ దగ్గర టీ అంగడి పెట్టుకున్నారని తెలిసింది. ఆ చేతులతో ఇచ్చిన టీ అక్కడ జనం తాగుతున్నారట, అది పెద్దరోగమని ముందే చెప్పేవాడు లేడు కాబట్టి.

చిన్నప్పను తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే. దూరం జరిగిన వరండా మీదా కోపమే. రోగం పేరు వాళ్ళంతా విన్నారు, అది కాదన్న మాట మాత్రం గదిలో మేం నలుగురమే విన్నాం. అందుకే ఇప్పుడు ఇలాంటి చేతులకు కట్టు వరండాలోనే, అందరి ముందే కడతాను. వెంట వచ్చినవాళ్ళ చేతనే ఆ చెయ్యి పట్టిస్తాను. పట్టుకోం అంటూ మొహం తిప్పుకుంటే, పట్టుకునేదాకా నా నోరు ఊరుకోదు.