బ్యాట్ వదలని ఆటగాడు

ఆ రోజుల్లో దోహాలో నాకు ఏసీ గాలి అంటే, సైటు ఆఫీసు తలుపు ఎవరైనా తీసినప్పుడు ముఖానికి తగిలినంతే. జగిత్యాల వైపు నుంచి వెళ్ళి ఒక కంపెనీలో హెల్పర్‌గా చేరాను. ఎండాకాలం ముంచుకొస్తోంది. స్టోర్‌లో ఒక మనిషి కావాలట, లోపల ఏసీ ఉందట అని విన్నప్పటి నుంచి నాకు అదే ధ్యాస. సరిగ్గా అప్పుడే నేను బేస్‌బాల్ ఆటగాణ్ణయ్యాను. (నవ్వకండి. ఆడినంతసేపూ ఓవర్‌టైమ్ రాశారు, కాబట్టి నేను ప్రొఫెషనల్‌నే.)

మా జపాన్ ఇంజనీరుకు ఆ ఆటంటే ప్రాణం. శుక్రవారం సాయంత్రం ఇంకో కంపెనీ అమెరికా వాళ్ళతో పోటీ ఉందనగా ఆయన జట్టులో ఒకడు జ్వరంతో పడ్డాడు. నేను కింది నుంచి పై అంతస్తుకు ఇటుకలు గురి తప్పకుండా విసరడం ఆయన చూశాడు. "నువ్వు, బేస్‌బాల్! గెలిస్తే స్టోర్ డ్యూటీ. మాలూమ్?" అన్నాడు. స్టోర్ అన్నాక చందమామ మీద ఆడమన్నా ఆడేవాణ్ణే. ఇసుకలో గీతలు గీసి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. నేను బుద్ధిగా తలూపాను. బంతి, కర్ర, పరుగు, ఊళ్ళో అంత క్రికెట్ ఆడినవాడికి ఇందులో కొత్తేముంది?

ఆఖరికి ఒక్క పరుగు వస్తే గెలుస్తామనగా బ్యాట్ నా చేతికొచ్చింది. కళ్ళు మూసుకొని కొట్టాను. బంతి ఎటో ఎగిరి దూరంగా ఇసుక దిబ్బల్లో పడింది. "యల్లా! యల్లా! ఉరుకు! బ్యాట్ పడేయ్!" అని అందరూ అరుస్తున్నారు. పడేస్తానా? ఆ ముందు వారమే ఒక పార సైటులో వదిలేసి వచ్చినందుకు ఫోర్‌మన్ క్యాంపంతా వినేలా తిట్టాడు. కంపెనీ సామాను గట్టిగా పట్టుకొని, మొదటి మూల దగ్గరున్న ఇసుక సంచి దాకా ఉరికి, బ్యాట్ నేలకు ఆనించి, గిర్రున తిరిగి బయల్దేరిన చోటికే వచ్చేశాను. బ్యాట్ ఆకాశానికెత్తి నిలబడ్డాను. ఒక అమెరికా ఆయన తాపీగా నడుచుకుంటూ వచ్చి, బంతిని నా భుజానికి తాకించి, "అవుట్" అన్నాడు, పాపం ఎంతో మర్యాదగా.

చూడ్డానికొచ్చిన మా రూములోని కడప మామ నెత్తి పట్టుకున్నాడు. "ఏందిరా నాయనా, పోయినోడివి పోకుండా మళ్ళా ఎనక్కి వచ్చినావే!"

"రెండు పరుగులు దీసిన గద మామా!"

నాలుగు మూలలూ చుట్టి వస్తేనే ఒక పరుగట. ఆ సంగతి ఇసుక గీతల్లోనే ఉందట. అలా నా వృత్తి జీవితం మొదలైన సాయంత్రమే ముగిసింది. ఇంజనీరు మాత్రం ఇసుకలో కూలబడి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

మర్నాడు పిలిపించాడు. ఇక స్టోర్ 'మాఫీ', అంటే అరబ్బీలో లేనట్టే, అనుకుంటూ వెళ్ళాను. "అందరూ అరిచారు. బ్యాట్ ఎందుకు పడేయలేదు?" అన్నాడు.

"కంపెనీ కా సామాన్, సాబ్."

ఆయన మళ్ళీ నవ్వు మొదలుపెట్టాడు. నవ్వుతూనే సొరుగులోంచి స్టోర్ తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. "స్టోర్‌కి ఇలాంటి మనిషే కావాలి" అన్నాడు. ఆ ఎండాకాలమంతా చల్లగా గడిచింది. గల్ఫ్‌లో ఏ ఊరైనా దుబాయే అనే ఊళ్ళో మావాళ్ళు మాత్రం "మావోడు దుబాయ్‌ల పెద్ద ఆటగాడు" అని చెప్పుకున్నారు. (కాదని ఉత్తరం రాయడానికి నాకు మనసొప్పలేదు.)

ఇప్పుడు టీవీలో ఎప్పుడైనా ఆ ఆట కనిపించి, కొట్టినవాడు బ్యాట్ పారేసి పరిగెత్తితే నా వేళ్ళు వాటంతటవే బిగుసుకుంటాయి, నవ్వూ వస్తుంది. "ఎందుకట్ల నవ్వుతున్నవ్?" అంటుంది మా ఆవిడ. ఏం చెప్పను? ఇసుకలో బ్యాట్ ఎత్తి నిలబడ్డ ఆ కుర్రాడు, అవుటయ్యానని ఇంకా తెలియని ఆ కాసేపు, ఎంత సంతోషంగా ఉన్నాడో!