కొళాయి కింద చెప్పు

నగరి దగ్గర మా నేతవీధిలో పక్కింటి అక్క ఉండేది. పిల్లలు తాగే కొళాయిలో అద్దకం రంగునీళ్లు కలుస్తున్నాయని ఫోన్‌ యాప్‌లో ఫిర్యాదు పెట్టినప్పుడల్లా, పిన్నీసు గుచ్చిన తన చెప్పును కొళాయి కింద పెట్టి ఫొటో తీసేది.

"చెప్పెందుకక్కా?"

"ఫొటో వేరే వీధిదని ఆఫీసోళ్లు బొంకకుండా, మే."

ఒకరోజు జవాబొచ్చింది. రాత్రిబడిలో కొత్తగా అక్షరాలు నేర్చిన నేను కూడబలుక్కుని చదివాను: "సమస్య పరిష్కరించబడినది." కింద తేటనీళ్ల ఫొటో. మా కొళాయిలో ఎర్రనీళ్లే.

ఇద్దరం నీళ్ల ఆఫీసుకు వెళ్లాం. "ఇందులో నా చెప్పు యాడుండాది సార్?" అని అక్క అడిగింది.

"కంప్యూటర్లో ఫిర్యాదు మూసేసినామమ్మా, పోండి" అని అక్కడి గుమాస్తా నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మరుసటి రోజు వీధి ఆడవాళ్లమంతా కొళాయి కింద చెప్పులు విడిచాం. అక్క ఫొటో తీసింది. ఫిర్యాదు నేను రాశాను: "ఈ చెప్పుల మీద తేటనీళ్లు పడే ఫొటో పంపేదాకా మూయొద్దు."