కోతి వంశం ఆడపడుచు

బిందురా పట్నం వెళ్లే లారీ మీద, ఉల్లిపాయల బస్తాల మధ్య కూర్చున్నాను. నడిదారిలో ఎక్కిన ఒకామె పలకరింపైనా లేకుండా అడిగింది.

"తాతా, నీకు గుర్తింపు కార్డుందా?"

"ఉంది. ఫొటోలో మాత్రం ఎవడో దొంగ ఉన్నాడు."

"దొంగైనా పరవాలేదు, నాకు సాక్షి కావాలి. ఒప్పుకున్నవాడు పొద్దున్నే మొహం చాటేశాడు."

ఆమె పేరు ఎఫినెస్. పుట్టింది ఇక్కడి పొగాకు తోటలోనే. తండ్రి కచింగ్వే మలావీ దేశం నుంచి కూలికొచ్చి, ఆ తోటలోనే మట్టయ్యాడు. గుర్తింపు కార్డు కావాలంటే, మలావీతో సంబంధం లేదని అక్కడినుంచి కాగితం తెమ్మంటుంది ఇక్కడి చట్టం. అక్కడివాళ్లేమో, మా లెక్కలోనే లేనిదానికి ఏం రాసివ్వమంటారు అన్నారు. చట్టాలు చదవడం నాకు పాత వ్యసనం. ఇంత గట్టిగా తాళం వేసిన తలుపు తక్కువే చూశాను. ఎఫినెస్‌కు కార్డు లేక ఆమె కూతురికి పుట్టుక పత్రం లేదు. అది లేందే ఏడో తరగతి పరీక్షకు పేరు రాయరు. ఇవాళే గడువు.

కోతిని వంశచిహ్నంగా కొలిచే ఊరిపెద్ద గ్వాతిడ్జో, ఆమె తన అన్న కూతురని చెప్పడానికి ఒప్పుకున్నాడు. అతని భార్యకు పురుడు పోసింది ఎఫినెస్ తల్లే.

"నిన్నటిదాకా చేలో కోతుల్ని తరిమాను తాతా. ఇవాళ్టినుంచి నేను కోతి వంశం ఆడపడుచునట!" నవ్వింది.

ఆఫీసు దగ్గర గ్వాతిడ్జో మాతో కలిశాడు. లోపల గుమాస్తా మా ముగ్గుర్నీ ఎగాదిగా చూశాడు.

"ఈమె పుట్టినప్పటినుంచీ తెలుసా, తాతా?"

"తెలుసు," అన్నాను.

"ఈయన నీకేమవుతాడు?"

"మా నాన్న తమ్ముడు."

"అలాగా? ఇంట్లో ఎలా పలకరిస్తావో అలాగే పలకరించు, చూస్తాను."

గ్వాతిడ్జో నేల చూపులు చూశాడు. మా దగ్గర తండ్రి తమ్ముడూ తండ్రే. ఎఫినెస్ మోకాళ్ల మీద కూర్చుని, పెద్దల్ని పలకరించే పద్ధతిలో మెల్లగా చేతులు తట్టింది. మాట రాలేదు. గుమాస్తా కలం మూత పెట్టాడు.

"మీ నాన్న పేరు మరిచిపోయావా అమ్మాయ్?"

మళ్లీ చేతులు తట్టింది.

"నాన్నా, బాగున్నారా?"

గ్వాతిడ్జో తల ఊపాడు. గుమాస్తా ఆమె కార్డు కాగితం మీదా, కూతురి పుట్టుక పత్రం మీదా ముద్ర కొట్టాడు. ఆమె తండ్రి గడిలో, కచింగ్వే ఉండాల్సిన చోట, గ్వాతిడ్జో ఇంటిపేరు చేరింది.

మెట్ల దగ్గర గ్వాతిడ్జో, "అమ్మా ఎఫినెస్..." అని ఏదో అనబోయాడు. ఆమె కూతురి పత్రం రవికలో దోపుకుని, మా ఇద్దరి మధ్యనుంచి, మొహం తిప్పకుండా, బడి వైపు నడిచిపోయింది.