నాయినమ్మ మాట ఎటువైపు పోయింది

మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో, ఏసీ డబ్బా వెనక పావురాలు కాపురం పెట్టాయి. ఎండెక్కేసరికి ఆ రెట్టల వాసన, తడిసిన గోనెసంచిలో నూకలు మురిగినట్టు, హాల్లోకి వచ్చేస్తుంది. లోకంలో అందరికీ మల్లెపూలతోనో తొలకరితోనో బాల్యం గుర్తొస్తుంది. నా వాటాకు రెట్ట వచ్చింది.

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు కొత్తగా తెరిచిన రోజులవి. విమానం దిగుతుంటే మా ఇంటి రేకులు గలగలలాడేవి, పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతున్న నాయినమ్మ చెయ్యి ఆపకుండానే పైకి చూసి, "నీ పాడుగాను, బర్రె బెదురుతది గద!" అని పైలట్‌ను తిట్టేది. బర్రె ఏనాడూ బెదరలేదు. కొత్త రోడ్డు తారు వాసన, పేడ వాసన, వేయించిన నువ్వుల వాసన, కుంటలో దూకి వచ్చిన మా ఒంటి బురద వాసన అన్నీ ఒకే వాకిట్లో కలిసేవి. ఆమె కొడుకు, మా బాపు, అప్పుడే ట్రాక్టర్ దిగి డ్రైవరుగా ఎయిర్‌పోర్టు క్యాబ్ ఎక్కాడు. పిల్లలం మాత్రం ఏ పనీ లేకపోయినా రోజంతా పరుగెత్తుతూనే ఉండేవాళ్లం.

బోనాలు అయిపోయిన వానల్లో ఒక పొద్దున, పాలు పిండుతూ పిండుతూనే నాయినమ్మ పక్కకు ఒరిగింది. కుడిచెయ్యి, కుడికాలు, మూతి ఒక్కసారే మొరాయించాయి. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చేసరికి ఆమె దగ్గర ఒకే మాట మిగిలింది: "పాడుగాను." నీళ్లు కావాలన్నా అదే, దుప్పటి కావాలన్నా అదే, చూడవచ్చిన చుట్టాలకు మర్యాద చేయాలన్నా అదే. చుట్టాలు పండ్లు అక్కడ పెట్టి త్వరగా వెళ్లిపోయేవారు.

మా వాళ్లకు తెలిసిన వైద్యం పావురం. వెచ్చటి పావురం నెత్తురు రుద్దితే పడిపోయిన చెయ్యి లేస్తుందని మా మేనత్త చెప్పింది. బాపు పాతబస్తీకి పోయి, పావురాలను క్యాబ్ వెనక సీట్లో దర్జాగా కూర్చోబెట్టి తెచ్చాడు. పాపం, వాటి జీవితంలో అదే మొదటి, చివరి కారు ప్రయాణం. ఆ సీటుకు రెట్టల వాసన మాత్రం మిగిలిపోయింది. నెత్తురు రుద్దారు. చెయ్యి లేవలేదు, ఈగలు లేచాయి.

ఆ తర్వాత అందరి కళ్లూ బర్రె మీద పడ్డాయి. నాయినమ్మ దూడప్పటి నుంచీ పెంచిన బర్రె అది.

"అవ్వకు దిమాక్ పోయింది. ఇగ దీన్నెవలు సూస్తరు, అమ్ముదాం," అంది మేనత్త, సరిగ్గా మంచం పక్కనే నిలబడి.

బాపు పద్ధతి గల మనిషి. వంగి అడిగాడు. "అవ్వా, బర్రెనమ్ముదమా?"

"పాడుగాను!"

"సూడు, ఒప్పుకున్నది," అంది మేనత్త.

నాయినమ్మ ఎడమచేత్తో మంచం పట్టెను దబదబా బాదింది. చలిపెడుతోందేమోనని దుప్పటి కప్పారు. దసరా కాగానే బర్రెను తోలుకుపోతానని బేరగాడు మాటిచ్చాడు.

పండుగ తొలిరోజు, ఎంగిలిపూల బతుకమ్మ నాడు, ఆమె మంచం వాకిట్లో వేశాం. గునుగు, తంగేడు పూల చుట్టూ ఆడవాళ్లు తిరుగుతూ తిరుగుతూ ఒక చరణం దగ్గర మరిచిపోయి ఆగారు. ఆగిన చోటు నుంచి మంచం మీది గొంతు అందుకుంది. వంకర మూతిలోంచి ఒక్క మాట తప్పకుండా చరణమంతా వచ్చింది.

"మా అవ్వకు మాటొచ్చింది!" అని మేనత్త ఏడ్చేసింది. బాపు పరుగెత్తుకొచ్చాడు. "అవ్వా, నేనెవన్ని?"

"పాడుగాను."

కొందరు అది సరైన జవాబే అన్నారు.

మర్నాడు దవాఖానలో డాక్టరమ్మ బాపు తలనే బొమ్మగా వాడుకుని, ఎడమ కణత మీద పెన్నుతో తట్టింది. "మాటలు కూర్చేది ఇక్కడ. కుడిచేతిని కదిలించేది దీని పక్కనే. రక్తం అందక రెండూ దెబ్బతిన్నాయి. పాట ఎక్కువగా అవతలి వైపు పని, అటు బాగానే ఉంది. నోటికి అలవాటైన తిట్టును కొత్తగా కూర్చక్కర్లేదు, దానంతటదే వస్తుంది. మీరనేది ఆమెకు చాలావరకు అర్థమవుతోంది. రాగంలో పెట్టి అడిగి చూడండి."

"మరి పావురం నెత్తురు, మేడం?" అని అడిగాడు బాపు.

"తలకు రుద్దినా లాభం లేదండీ."

మేనత్త మాత్రం అర్థమవుతోందన్న దగ్గరే ఆగిపోయింది. మంచం పక్కన ఏమేం అన్నదో లెక్కేసుకుంటున్నట్టు ఆమె మొహం పాలిపోయింది.

పాడించే పని నాకు పడింది. గొంతు లేకపోయినా సిగ్గు లేదు కాబట్టి. నాయినమ్మ ఎడమచేత్తో మంచం పట్టెను తట్టిస్తూ "నీల్లు గావాలె ఉయ్యాలో" అని బతుకమ్మ రాగంలో ఎత్తుకుంటే, విమానాలకు బెదరని బర్రె నాకు బెదిరింది. మొదట ఆమెకు ఉయ్యాలో ఒక్కటే వచ్చింది. చివరిరోజు బతుకమ్మలు నీళ్లలో కలిసేలోపు "నీల్లు" కూడా వచ్చింది.

దసరా దాటి బేరగాడు వచ్చాడు, పలుపు విప్పాడు. బాపు మంచం దగ్గర గొంతుక్కూర్చుని, ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, మీసాల చాటు నుంచి పాడాడు. "బర్రెనమ్మాల్నా ఉయ్యాలో..."

అందరూ చూస్తూనే ఉన్నారు. ఎడమచెయ్యి పట్టెను తట్టింది, ఆగింది, మళ్లీ తట్టింది. పెదాలు ఏదో వెతుక్కున్నాయి. బేరగాడు కాళ్లు మార్చుకున్నాడు. నాకు అరవాలనిపించింది.

"వద్దు... వద్దుర... ఉయ్యాలో."

బాపు లేచి బేరగాడి చేతిలోంచి పలుపు తీసుకున్నాడు.

"మరి పాలెవలు పిండుతరు?" అంది మేనత్త.

"నువ్వే ఉయ్యాలో," అన్నాడు బాపు.

నాయినమ్మ పోయి ఏళ్లయింది, ఆమె వెనకే బర్రె. కొట్టం ఉన్న చోట ఇప్పుడు క్యాబులు నిలుపుతున్నారు. ఆమె ఉన్నంతకాలం అన్నం తిన్నావా అని అడగడం కూడా మా ఇంట్లో పాటే. పాడి, ఆమె పెదాల వంక చూస్తూ, ఎంతసేపైనా ఆగేవాళ్లం. ఇప్పుడు మా అందరి మెదళ్లూ రెండు వైపులా బాగానే పనిచేస్తున్నాయి. ఏదైనా అడిగితే, జవాబు వచ్చేలోపే అడిగినవాళ్లు లేచి వెళ్లిపోతారు.